మాస్టారి మెడకు నంబరు

అమెరికాలో ఎవరికో మెడ పట్టేస్తే, అది హైదరాబాదులో ఉన్న భావనారాయణ మెడకు చుట్టుకుంది.

అతని ఉద్యోగం అలాంటిది. అక్కడి డాక్టరు రోగిని చూసి, తనకు కనబడింది రాసి పంపుతాడు. ఇక్కడ భావనారాయణ అది చదివి, ఆ జబ్బుకు ఉన్న నంబరు వేస్తాడు. ఆ నంబరును బట్టి బీమా కంపెనీ వైద్యం ఖర్చు కడుతుంది. మెడికల్ కోడింగ్ అంటారు. చెప్పుకోవడానికి ఇంతే. చెయ్యడానికి కూర్చుంటే మాత్రం, మెడ అంటే ఒక్క మెడ కాదని తెలుస్తుంది. మెడలో కండరం లాగితే ఒక నంబరు. ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు బెణికితే ఇంకో నంబరు. ఏమైందో తెలియదు, ఊరికే నొప్పిగా ఉందంటే దానికి వేరే నంబరు. పైగా అది ఎలా జరిగింది, కారు గుద్దుకుందా, మంచం మీంచి పడ్డాడా, బరువెత్తాడా అన్నదానికి విడిగా మరొకటి వెయ్యాలి.

భావనారాయణకు ఇవన్నీ నోటికొచ్చు. కాకినాడలో కోడింగ్ నేర్చుకునే రోజుల్లో మాస్టారు ప్రశ్న పూర్తి చేసేలోపే జవాబు చెప్పేసేవాడు. మిగతా పిల్లలు లావుపాటి పుస్తకంలో పేజీలు తిరగేస్తుంటే ఇతను కిటికీలోంచి కాకుల్ని చూస్తూ కూర్చునేవాడు. అంత తెలివైనవాడు. ఆ తెలివే ఇప్పుడు కొంప ముంచింది.

డాక్టరు "మెడ నొప్పి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే భావనారాయణ ఊరుకోలేడు. మనిషి కుర్రవాడు, కారు నడుపుతాడు, కాబట్టి వెనక నుంచి ఎవడో గుద్ది ఉంటాడు, కండరం లాగి ఉంటుంది అని కథంతా తనే అల్లేసి, ఎస్ పదహారు పాయింట్ వన్ అని కొట్టి పడేస్తాడు. మెడ కండరం లాగిందనడానికి అదీ నంబరు. తప్పులు పట్టే ఆడిటరమ్మ ఆ ఫైలు తెరుస్తుంది. "డాక్టరు రాయలేదు. మీరు ఊహించారు" అని రాసి వెనక్కి పంపుతుంది.

రాయనిది తెలుసుకునే దారి లేకపోలేదు. డాక్టరుకు ఒక ప్రశ్న పంపొచ్చు. ఆఫీసులో దాన్ని క్వెరీ అంటారు. "మెడ నొప్పి అని రాశారు, ఎలా వచ్చిందో చెప్పగలరా" అని ఒక్క వాక్యం చాలు. కొత్తగా చేరిన వాళ్ళు రోజూ పంపుతూనే ఉంటారు. భావనారాయణ చేరిన దగ్గర్నుంచి ఒక్కటంటే ఒక్కటి పంపలేదు. అడగడమంటే నాకు తెలియదని ఒప్పుకోవడమే కదా అని అతని లెక్క.

నెల తిరిగేసరికి మార్కులు పడిపోయాయి. ఆ పై నెల ఇంకా పడిపోయాయి. టీము లీడరు పిలిచి కూర్చోబెట్టి, వచ్చే సోమవారం ఒక కట్ట ఫైళ్ళు ఇస్తామని, అన్నీ మెడ కేసులేనని, వాటిలో కూడా ఊహలు కనబడితే ప్రాజెక్టులోంచి తీసెయ్యక తప్పదని చెప్పాడు. తీసెయ్యడమంటే మర్యాదగా ఇంటికి పంపించడమే. భావనారాయణకు ఈ పని తప్ప ఇంకో పని మీద మనసు లేదు. మనిషి ఒంట్లో జరిగే ప్రతిదానికీ ఎక్కడో ఒక గడి ఉందన్న ఊహే అతనికి చిన్నప్పటి పండగలా ఉండేది. అది పోతుందంటే తిండి సయించలేదు.

ఇలాంటి కష్టం చెప్పుకోవడానికి అతనికి ఉన్నది ఒక్కరే, దానియేలు మాస్టారు.

మాస్టారు కాకినాడ పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరయ్యారు. ఎన్నెన్ని పట్టేసిన మెడలు, ఎన్నెన్ని వంగని మోకాళ్ళు ఆయన చేతుల్లో సర్దుకున్నాయో చెప్పలేం. రిటైరయ్యాక జగన్నాథపురంలో తన డాబా మీద రేకుల షెడ్డు వేసి పిల్లలకు కోడింగ్ నేర్పడం మొదలుపెట్టారు. నేర్పడమంటే ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు. ఏదైనా అడిగితే ఒక ప్లాస్టిక్ ఎముక తెచ్చి చేతిలో పెట్టి, తను వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసుకునేవారు. ఆయన తిరిగొచ్చేసరికి జవాబు ఆ ఎముకలోంచే వచ్చేసి ఉండేది.

నెల రోజులుగా భావనారాయణ సాయంత్రం ఆఫీసు వదలగానే మాస్టారికి ఫోను చేస్తున్నాడు. "మాస్టారూ, నేనండి" అని మొదలుపెట్టి ఆడిటరమ్మను తిట్టేవాడు. తర్వాత టీము లీడరును తిట్టేవాడు. పొడిపొడిగా రాసే డాక్టర్లందరినీ వరసపెట్టి తిట్టేవాడు. అక్కడి నుంచి హాస్టలు సాంబారు మీదికి, పక్క మంచం వాడి గురక మీదికి వెళ్ళేవాడు. అవతలి నుంచి "ఊఁ" అని వినబడేది. కాసేపటికి "ఊఁ... అలాగా" అని వినబడేది. మధ్యలో కుళాయి చప్పుడు, గిన్నెల చప్పుడు, పోపులో ఆవాలు చిటపటలాడిన చప్పుడు. మాస్టారింట్లో ఎప్పుడూ ఏదో ఒకటి వండుతూనే ఉంటారు అనుకుని భావనారాయణ తన గోడు తను చెప్పుకుపోయేవాడు. ఫోనులో చార్జింగ్ అయిపోతే గాని మాట ఆగేది కాదు. "సరే, రేపు చెప్పు" అనేవారు మాస్టారు. అతనికి గుండె తేలికైపోయేది.

ఆ శనివారం గురుపూర్ణిమ. మాస్టారిది క్రైస్తవ కుటుంబం. అయినా ఆ రోజు శిష్యులు పళ్ళు పట్టుకుని ఆయన ఇంటికి చేరతారు. మొదట్లో "ఇది మీ పండగ కదరా, నా దగ్గరికెందుకు" అని మొహమాటపడేవారు. ఆయన భార్య రూతమ్మగారు ఆ రోజుకని ప్రత్యేకంగా పులిహోర కలపడం మొదలుపెట్టాక మరి నోరెత్తలేదు. ఈ ఏడు మిగతా వాళ్ళందరూ సాయంత్రం వస్తామన్నారు. భావనారాయణ మాత్రం రైలు దిగి పొద్దున్నే వాలిపోయాడు. అతనికి సోమవారం భయం పట్టుకుంది.

తలుపు తీసిన మాస్టారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. మాస్టారి తల ఎడమ భుజం మీదికి వాలిపోయి ఉంది. మేకు సడలిన పటంలా మనిషి ఒక పక్కకు ఒరిగి ఉన్నారు.

"రారా భావన్నా," అన్నారు, తల అలాగే ఉంచి.

"మెడ పట్టేసిందా మాస్టారూ!"

"పట్టేసిందిరా."

"ఎత్తు దిండండి. అదేనండి. ఎత్తు దిండు మీద పడుకుని ఉంటారు."

మాస్టారు ఏదో చెప్పబోయి ఆగారు. "అలాగా," అన్నారు.

లోపల రూతమ్మగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడి చేతికి పిండికట్టు ఉంది.

"అయ్యో, బాత్రూములో జారారు కదమ్మా! తడి నేల మీద చూసుకుని అడుగెయ్యాలండి. ఈ వయసులో ఎముక అతకడం చాలా ఆలస్యం."

రూతమ్మగారు నోరు తెరిచారు. మాస్టారి వంక చూశారు. మళ్ళీ మూసుకుని, ఎడమ చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కూర్చో నాయనా, కాఫీ తాగుదువుగాని" అన్నారు.

కాఫీ మాస్టారే పెట్టి తెచ్చారు. పక్కకు వాలిన తలతో గ్లాసు తొణక్కుండా వంటింట్లోంచి నడిచి రావడం చూడముచ్చటగా ఉందో జాలిగా ఉందో చెప్పడం కష్టం. భావనారాయణ ఆ రెండూ చూడలేదు. అప్పటికే ఆడిటరమ్మ కథ అందుకున్నాడు. నెల రోజులుగా ఫోనులో చెప్పిందంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పి, సోమవారం దగ్గర ఆగాడు.

"డాక్టరు రాయడు. ఆడిటరు ఊహించొద్దంటుంది. రాయనిదాన్ని నేనెలా తెలుసుకోను మాస్టారూ?"

మాస్టారు ఖాళీ గ్లాసు అందుకున్నారు.

"నా మెడకు నంబరు వెయ్యి," అన్నారు.

"మీ మెడకా?"

"తొందర లేదు. భోజనాల వేళకు చెప్పు."

భావనారాయణ మొహం వెలిగిపోయింది. ఇంత చిన్న పరీక్షా! "ఇప్పుడే చెప్తానండి. కండరం లాగింది. ఎస్ పదహారు పాయింట్ వన్."

"ఎందువల్ల?"

"చెప్పాను కదండి, దిండు," అని ఒక్క ఉదుటున లేచాడు. మెయిన్ రోడ్డు మీద దుకాణానికి వెళ్ళి పల్చటి దిండొకటి కొనుక్కొచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి, నొక్కి చూసి, "చాలా మెత్తగా ఉందిరా. కానీ నేను దిండు వేసుకోను" అన్నారు.

"పెళ్ళైన నాటి నుంచీ అంతే నాయనా," అన్నారు రూతమ్మగారు.

ఇంట్లో తిరిగే పిల్లి దిండు చూసి సంతోషించింది. మాస్టారు కింద పెట్టగానే ఎక్కి ముడుచుకుని పడుకుంది.

"అయితే కూలరు," అన్నాడు భావనారాయణ. "చల్లగాలి తిన్నగా మెడకు కొట్టిందండి." గబగబా వెళ్ళి కూలరు మొహం గోడ వైపు తిప్పబోయాడు. అది కదల్లేదు. బరువుగా ఉంది. మూత తీసి చూస్తే లోపల నిండా ఉల్లిపాయలు.

"మోటారు కాలిపోయి చాలా రోజులైంది," అన్నారు మాస్టారు. "ఉల్లిపాయలకు గాలి బాగా తగులుతుందని రూతమ్మ దాన్ని వాడుకుంటోంది."

రూతమ్మగారి భుజాలు కదులుతున్నాయి. ఆవిడ నవ్వు ఆపుకుంటున్నారని భావనారాయణకు తట్టలేదు. చెయ్యి నొప్పి కాబోలనుకున్నాడు.

"అరుగుదల! మెడ ఎముకలు అరిగాయండి. వయసు కదా."

మాస్టారు బీరువా మీంచి ఎక్స్‌రే తీసి ఇచ్చారు. భావనారాయణ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఎముకలు ఒకదాని మీద ఒకటి బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఎక్కడా అరుగుదల లేదు.

అలా కిటికీ దగ్గర నిలబడ్డప్పుడే వాకిట్లో స్కూటీ కనబడింది. కొత్తది. ముందు మడ్‌గార్డు సొట్టపోయి ఉంది. వెనక ఎర్ర రంగుతో, బండి నేర్చుకునేవాళ్ళు పెట్టుకునే ఎల్ బిళ్ళ అంటించి ఉంది.

"దొరికింది!" అని అరిచాడు. "స్కూటీ మీంచి పడ్డారు మాస్టారూ!"

"నాకు సైకిలు తప్ప ఏదీ రాదురా."

"ఓహో. అయితే బండి పక్కింటి వాళ్ళదై ఉంటుంది," అని ఆ సంగతి కూడా తనే తేల్చేసి కుర్చీలో కూలబడ్డాడు. ఈసారి రూతమ్మగారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. అక్కడి నుంచి కిసుక్కుమన్న శబ్దం వచ్చింది.

భావనారాయణకు ఉక్రోషం వచ్చింది. "ఇలా సగం సగం చెబితే నంబరు ఎలా వెయ్యనండీ? మీరు కూడా అచ్చం ఆ డాక్టర్లలాగే ఉన్నారు!"

మాస్టారికి నవ్వాగలేదు. పెద్దగా నవ్వబోయి, "అబ్బా" అని మెడ పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి నిజమైనదే.

భోజనాల వేళైంది. నంబరు తేలలేదు. మాస్టారు కూడా అడగలేదు. ముగ్గురికీ ఆయనే వడ్డించారు. రూతమ్మగారు ఎడమ చేత్తో చెంచా పట్టుకుని పులిహోర తింటున్నారు. ఆ పులిహోర కలిపింది ఎవరు, పప్పు వండింది ఎవరు, పొద్దుటి నుంచి ఈ ఇంట్లో గిన్నె కడిగింది ఎవరు అన్న ప్రశ్నలేవీ భావనారాయణను ఇంతసేపూ తాకలేదు.

"ఏమండీ, ఆ ఆవకాయ ఇలా ఇవ్వండి," అన్నారు రూతమ్మగారు.

ఆవకాయ జాడీ మాస్టారికి ఎడమ పక్కన ఉంది, ఆవిడ కుడి పక్కన ఉన్నారు. ఆయన తల తిప్పలేరు. కుర్చీలో మనిషంతా ఎడమకు తిరిగి జాడీ అందుకుని, మళ్ళీ మనిషంతా కుడికి తిరిగి ఆవిడకిచ్చారు. పెదవి కరుచుకున్నారు. చప్పుడు చెయ్యలేదు. తర్వాత మంచినీళ్ళ గ్లాసు ఎత్తుకున్నారు. వాలిన తలతో తాగబోతే సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. రూతమ్మగారు చెంచా పెట్టేసి ఎడమ చేత్తో కొంగు తీసి ఆయన గడ్డం తుడిచారు. ఆయన చిన్నపిల్లాడిలా గడ్డం చాచి కూర్చున్నారు.

భావనారాయణ ముద్ద నోటి దాకా వెళ్ళలేదు.

పొద్దుటి నుంచి అతను ఒక కేసును చూస్తున్నాడు. ఇప్పుడు మాస్టారు కనబడ్డారు. తనకు మొదటి నెల ఫీజు లేకపోతే పుస్తకం చేతిలో పెట్టి పైకి పదమన్న మనిషి. ఎన్ని మెడలు సరిచేశారో, తన మెడ ఇలా వాలిపోయి గ్లాసుడు నీళ్ళు తాగలేకపోతున్నారు. భావనారాయణ చేతిలోని ముద్ద విస్తరిలో పెట్టేశాడు. నంబర్లన్నీ బుర్రలోంచి ఎగిరిపోయాయి.

"మాస్టారూ," అన్నాడు, "ఎలా వచ్చిందండి మీకిది?"

రూతమ్మగారు తుడుస్తున్న చెయ్యి ఆపేశారు.

మాస్టారు లేచి చెయ్యి కడుక్కున్నారు. వంటింట్లోకి వెళ్ళి చాకు, బుట్టలో బెండకాయలు తెచ్చి బల్ల మీద పెట్టారు. అల్మారాలోంచి తన ఫోను తీశారు. దాన్ని ఎడమ చెవికి ఆనించి, చెయ్యి వదిలేశారు.

ఫోను పడలేదు. తల వాలిన చోట, చెవికీ భుజానికీ మధ్య ఉన్న సందులో సరిగ్గా అమరిపోయింది.

ఖాళీ అయిన రెండు చేతులతో మాస్టారు బెండకాయలు తరగడం మొదలుపెట్టారు.

"ఊఁ," అన్నారు.

ఒక కాయ తరిగారు.

"ఊఁ... అలాగా."

ఇంకో కాయ తీసుకున్నారు.

"సరే. రేపు చెప్పు."

భావనారాయణకు ఆ "ఊఁ" తెలుసు. ఆ "అలాగా" తెలుసు. వాటి వెనక కుళాయి చప్పుడు, గిన్నెల చప్పుడు, ఆవాల చిటపటలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అతను పిండికట్టు వంక చూశాడు. మాస్టారి మెడ వంక చూశాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక విస్తరి వంక చూశాడు.

"స్పీకర్లో పెట్టుకోండి అని రోజూ పోరాను నాయనా," అన్నారు రూతమ్మగారు. "వింటేనా! వాడు నాతో చెప్పుకుంటున్నాడే, వీధితో కాదు అంటారు."

అంతే. భావనారాయణకు ఏడుపొచ్చింది. అది సగంలో ఉండగానే, ఉల్లిపాయల కూలరు గోడ వైపు తిప్పబోయిన తన వాలకం గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. రెండూ కలిసి ముక్కులోంచి వింత చప్పుడు వచ్చింది. అది విని రూతమ్మగారు పొద్దుటి నుంచి ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి వదిలేశారు. మాస్టారు "నన్ను నవ్వించకండి, నవ్వించకండి" అని రెండు చేతులతో మెడ పట్టుకుని నవ్వారు.

నవ్వులు కాస్త సద్దుమణిగాక భావనారాయణ ముక్కు తుడుచుకున్నాడు.

"అమ్మా, మీ చెయ్యి ఎలా విరిగిందమ్మా?"

"అమ్మయ్య, అడిగావా!" అని రూతమ్మగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "ఆ స్కూటీ పక్కింటి వాళ్ళది కాదు, నాది. చిన్నప్పటి నుంచీ బండి నడపాలని నా కోరిక. ఈయన సైకిలు వెనక కూర్చుని కూర్చుని విసుగొచ్చింది. కొన్నాను. వీధి చివరి దాకా రాణిలా వెళ్ళాను. అక్కడ కూరగాయల బండి అడ్డమొచ్చింది. కంగారులో బ్రేకు వెయ్యాల్సింది పోయి చేత్తో ఆగమని సైగ చేశాను."

"బండికా అమ్మా?"

"నా స్కూటీకే! అది ఆగుతుందా? కూరగాయలవాడికి దెబ్బ తగల్లేదు, అంతే చాలు. ఆ పూట వీధి వీధంతా వంకాయ కూరే."

"తర్వాతండి?"

ఆవిడ తర్వాత ఏమైందో చెప్పారు. కట్టు విప్పగానే మళ్ళీ బండెక్కుతానన్నారు. భావనారాయణ ఒక్క మాటకు కూడా అడ్డు తగల్లేదు. తెలివిగా ఏమీ చెప్పలేదు. వింటూ ఉండగా ఆవిడ మొహం ఎంత సంబరంగా ఉంటుందో చూశాడు. కోడింగ్ నేర్చుకున్నన్నాళ్ళూ ఇదే ఇంటికి వచ్చాడు. ఆవిడ మాట్లాడగా వినడం ఇదే మొదటిసారి.

మిగిలిన బెండకాయలు అతనే తరిగాడు. గిన్నెలు కడిగాడు. వేడినీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి, మాస్టారి మెడకు కాపడం పెట్టాడు.

"ఎక్కడండి నొప్పి?"

"ఇంకొంచెం కిందికి."

"ఇక్కడా అండి?"

"ఆఁ, అక్కడే," అని మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

సాయంత్రం మిగతా శిష్యులు వచ్చారు. గుమ్మంలో అడుగు పెట్టిన ప్రతివాడూ మాస్టారిని చూసి ఆగడం, "దిండు ఎత్తైందండి" అనడమో, "కూలరు గాలండి" అనడమో. మాస్టారు అందరితోనూ "అలాగా" అంటూ అరటిపండ్లు అందుకున్నారు. భావనారాయణ మూలన కూర్చుని, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, పెదవి బిగబట్టుకుని ఉన్నాడు. ఒకసారి మాస్టారు మనిషంతా అటు తిరిగి అతని వైపు చూసి కన్నుగీటారు.

సోమవారం ఆఫీసులో కట్ట వచ్చింది. మొదటి ఫైలు తెరిచాడు. రోగికి వయసు మళ్ళింది. డాక్టరు "మెడ నొప్పి" అని రాశాడు. ఇంకేమీ రాయలేదు.

భావనారాయణ బుర్ర కథ మొదలుపెట్టింది. పెద్దాయన, బాత్రూము, తడి నేల అంది. వేలు దానంతటది ఎస్ మీదికి పోయింది. అక్కడ ఆగింది. వేలు వెనక్కి తీసుకుని, చొక్కా మీద నీళ్ళు పోసుకున్న ఒక మనిషిని తలుచుకుని, డాక్టరుకు ఒక్క వాక్యం రాశాడు.

టీము లీడరు అటు వెళుతూ స్క్రీను చూసి ఆగాడు. "క్వెరీ పంపింది నువ్వేనా? నీ సీట్లో ఇంకెవరైనా కూర్చున్నారా?"

"నేనేనండి. నాకు తెలియలేదు. అడిగాను," అన్నాడు భావనారాయణ. అనేశాక చూసుకుంటే ఒంట్లో ఎక్కడా ఏమీ తెగిపడలేదు. హాయిగా కూడా ఉంది.

మర్నాడు జవాబు వచ్చింది. ఆ పెద్దాయన మనవరాలికి ఊరేగింపు కనబడటం లేదని మెడ మీద కూర్చోబెట్టుకుని, బ్యాండు మేళం అయిపోయే దాకా నిలబడ్డాడట. కండరం లాగిందట. మళ్ళీ ఏడాది కూడా ఎక్కించుకోవచ్చా అని డాక్టరును అడిగాడట. భావనారాయణ అది చదివి సీట్లో కూర్చుని ఒక్కడే నవ్వుకున్నాడు. నంబరు అతను మొదట కొట్టబోయినదే. ఈసారి మాత్రం ఆ నంబరు వెనక ఒక తాత, ఆయన భుజాల మీద కాళ్ళూపుతున్న ఒక పిల్ల ఉన్నారు.

వారం చివర ఆడిటరమ్మ నుంచి కట్ట తిరిగొచ్చింది. "ఊహించారు" అన్న మాట ఎక్కడా లేదు. టీము లీడరు భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం భావనారాయణ నడుస్తూ ఫోను చెయ్యలేదు. హాస్టలుకు వెళ్ళి, ఫోనుకు నిండా చార్జింగ్ పెట్టి, మెట్ల మీద కూర్చుని, ఫోను చేత్తో పట్టుకున్నాడు. ఉద్యోగం నిలబడిందన్న కబురు నాలుక చివరే ఉంది.

"మాస్టారూ, నేనండి."

"ఊఁ."

"మెడ ఎలా ఉందండి?"

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు వినబడింది. కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినబడింది.

"నీకు ఎంత తీరికుందిరా?" అన్నారు మాస్టారు.

"చాలా ఉందండి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. మెడ దగ్గర మొదలుపెట్టారు. అక్కడి నుంచి రూతమ్మగారి కట్టు విప్పిన సంగతికి, ఆవిడ అప్పుడే బండి తాళాలు ఎక్కడ దాచారని వెతుకుతున్న సంగతికి, కొత్త దిండు మీంచి దిగనంటున్న పిల్లి సంగతికి వచ్చారు. నాలుక చివరి కబురు నాలుక చివరే ఉంది. రేపు చెప్పొచ్చు.

"ఊఁ," అన్నాడు భావనారాయణ.